తొమ్మిది బండల దూరం

మా బొట్టు ఇప్పటివరకు రెండు పిల్లుల్ని చంపింది. మూడోది బతికింది, వెనక కాలు కుంటుతుంది. ఈ లెక్క ముందే చెప్పేస్తే మంచిది. ఇంటికొచ్చినవాళ్ళు బొట్టును చూస్తే ఎవరూ నమ్మరు మరి. మా అత్త చెప్పుల మీద తల పెట్టుకుని పడుకుంటుంది. మా అమ్మాయి దాని చెవులు పట్టుకుని జడలల్లినట్టు ఆడుకున్నా కిక్కురుమనదు. సిలిండర్ తెచ్చే అబ్బాయిని చూస్తే తోకతో పాటు సగం ఒళ్ళు ఊపుతుంది. "ఇంత మెతక కుక్కా?" అంటారు. మేమూ చాలాకాలం ఒక మాట చెప్పుకుని తిరిగాం: "పిల్లి కనబడితే అది మా బొట్టు కాదండీ, ఒంట్లోకి ఇంకేదో వస్తుంది" అని. ఆ మాట నమ్ముకునే రెండో పిల్లిని పోగొట్టాం. చెప్పుల మీద పడుకునేదీ, పిల్లి మెడ పట్టేదీ ఒకటే కుక్క. ఇది ఒప్పుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

బొట్టు పందికోన కుక్క. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలో పందికోన అని ఊరుంది, ఆ ఊరి పేరే ఈ కుక్కలకూ వచ్చింది. ఇంటికి, పొలానికి కాపలా ఉంటాయని, అడవిపందికి కూడా ఎదురు నిలుస్తాయని మా వైపు వీటికి పేరు. మా మామది ఆ దగ్గర్లోనే ఒక ఊరు. 2021 ఆగస్టులో ఊరికి పోయి వస్తూ బస్సులో, ఒళ్ళో గంపతో దిగాడు. గంపలో నాలుగు నెలల ఆడపిల్ల, గోధుమ రంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ. "బొట్టు పెట్టుకునే వచ్చింది చూడమ్మా" అంది మా అమ్మాయి. పేరు అప్పుడే ఖాయమైపోయింది.

నాలుగు నెలలు అన్నాను కదా, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వయసు వరకు కుక్కపిల్ల దేనితో కలిసి మెలిసి తిరిగితే దాన్ని జీవితాంతం మామూలుగా తీసుకుంటుందట. ఆ వయసులో పిల్లితో ఒక గోనెసంచి మీద పడుకుని పెరిగిన కుక్క వేరు. మా బొట్టు ఆ రోజులన్నీ కళ్ళం దగ్గర తొండల్ని, ఉడతల్ని తరుముతూ గడిపింది. మా ఇంటికి చేరేసరికే ఆ గడువు దాటిపోయింది.

తర్వాత మేం చేసింది ఇంకా ఘోరం. మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో. పాత కాలపు ఇల్లు, పెరడంతా బేతంచెర్ల నాపరాళ్ళు పరిచి ఉంటుంది. (బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది కానీ మా మామ ఇంకా ఒప్పుకోలేదు.) పెరటి గోడ మీద ఉడతలు, కాకులు, పిల్లులు. మా అబ్బాయి అప్పుడు ఎనిమిదో తరగతి. సాయంత్రం బడి నుంచి రాగానే గోడ వైపు వేలు చూపించి "ఉస్కో!" అనేవాడు. బొట్టు బాణంలా వెళ్ళి గోడకు ఎగిరేది. అందరం నవ్వేవాళ్ళం. నేను వంటింటి కిటికీలోంచి చూసి మరీ నవ్వాను. దాదాపు ఏడాది పాటు రోజుకు పదిసార్లు, గోడ మీద కదిలేదాని వెంట పడటం ఇంటిల్లిపాదికీ ఇష్టమైన పని అని దానికి మేమే నేర్పించాం. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట బూతుతో సమానం.

మొదటి పిల్లి ఎవరిదో తెలియదు. 2022 వానాకాలంలో ఒక పొద్దున లేచేసరికి పెరట్లో పడి ఉంది, బొట్టు దాని పక్కనే కూర్చుని ఉంది, దాచిపెట్టాలన్న ఆలోచన కూడా లేకుండా. మా అత్త రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "పిల్లిని సంపిన పాపం ఊరికే పోదు. బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలంటారు" అంది. మా ఆయన ఫోన్లో బంగారం ధర చూసి, "వెండి పిల్లి అయితే ఒప్పుకుంటారేమో అడుగమ్మా" అన్నాడు. నవ్వేశాం. వీధి పిల్లి కదా, దాని తరఫున అడిగేవాళ్ళు లేరు. అందుకే నవ్వగలిగాం అని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండోదానికి అడిగేవాళ్ళున్నారు. గోడ అవతల ఇల్లు ఖాలాది. వీధి వీధంతా ఆమెను ఖాలా అనే పిలుస్తుంది. ఆమె పిల్లి సోనా, నారింజ రంగు చారలది, పదేళ్ళకు దగ్గరపడిన ముసలిది. ఖాలా నమాజుకు కూర్చుంటే ఆ చాప అంచున కూర్చునేదట. 2023 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. మా అబ్బాయి పాల ప్యాకెట్ల కోసం గేటు తీశాడు. బొట్టు వసారాలో నిద్రపోతోంది, అందుకే వాడు గేటు వేయలేదు. సోనా మా గేటు ముందు నుంచి వెళ్తోంది, ఎప్పుడూ వెళ్ళే దారే.

అరుపు లేదు. గుర్రుమనడం లేదు. నాకు ఇప్పటికీ మర్చిపోలేనిది అదే, ఆ నిశ్శబ్దం. బొట్టు లేచింది, తల దించింది, ఒళ్ళు బిగిసింది, అంతే. నేను దాని పేరు పిలిచేలోపు సోనా దాని నోట్లో ఉంది. రెండుసార్లు విదిలించింది, ఇంట్లో గుడ్డను విదిలిస్తుందే, అచ్చం అలాగే. మా ఆయన పరిగెత్తి రెండింటి మధ్యలో చెయ్యి పెట్టాడు. చెయ్యి చీరుకుంది, బొట్టు వదిలింది.

ఖాలా గుమ్మంలోంచి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. "బేటీ, ఇంట్లో దుప్పటి ఉంటే తీసుకురా" అంది, అంతే. దుప్పట్లో చుట్టి ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. పైకి చూస్తే రెండు చిన్న చిల్లులు, రక్తం కూడా పెద్దగా లేదు. "ఏం కాదు ఖాలా, చిన్న గాయాలే" అని దారి పొడుగునా చెప్తూ వచ్చాను. డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసింది, చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. సోనా నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే అది కుక్క రొప్పినట్టు కాదని, ప్రాణం మీదికి వచ్చిందని అర్థమని అప్పుడే తెలిసింది. కుక్క పళ్ళు పైన చేసేది చిన్న చిల్లే. విదిలించినప్పుడు లోపల ఊపిరితిత్తులు, పేగులు, కండ అంతా నలిగిపోతుంది. చిల్లు చూసి గాయాన్ని కొలవకూడదు. రాత్రి పదకొండు దాటాక సోనా పోయింది.

ఆ ఏడాది రంజాన్ పండగ ఏప్రిల్‌లో వచ్చింది. పదిహేడేళ్ళలో మొదటిసారి గోడ మీంచి మాకు షీర్ ఖుర్మా రాలేదు.

మా ఆయన చెయ్యి సంగతి కూడా చెప్పాలి, చాలామంది అదే తప్పు చేస్తారు కాబట్టి. పట్టు మీద ఉన్న కుక్క నోటి దగ్గర చెయ్యి పెడితే అది చెయ్యి అని దానికి తెలియదు. పైగా ఆ గాయం బొట్టు పన్నుదో సోనా పన్నుదో మాకే తెలియదు. కొళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించాను. పెద్దాసుపత్రిలో గాయం చుట్టూ ఒక ఇంజెక్షన్, చేతికి రేబిస్ టీకా. తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ టీకాలు. బొట్టుకు ఏటా టీకా వేయిస్తున్నాం కదా అని ఆయన మొదట నసిగాడు. పిల్లికి ఎవరు వేయించారు అని డాక్టర్ అడిగితే నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మా వెనక తలుపు పక్కన ఎప్పుడూ ఒక బకెట్ నిండా నీళ్ళు, పైన గూటానికి ఒక పాత బొంత ఉంటాయి. కొత్తవాళ్ళు చూసి మడి బకెట్ అనుకుంటారు.

ఇక సలహాలు. వద్దన్నా వచ్చాయి. మా బావ, అంటే మా ఆయన అన్న, ఫోన్ చేసి, "కోళ్ళను పట్టే కుక్కకు చచ్చిన కోడినే మెడకు కట్టి మూడు దినాలు తిప్పుతారు మా పక్క. మళ్ళీ ముట్టదు" అన్నాడు. పిల్లిని మెడకు కట్టుకుని తిరిగే కుక్కను ఊహించుకుని నాకు ఆ పూట కడుపులో తిప్పింది. నాతో పనిచేసే టీచర్, నల్లమల దారిలో వదిలేసి రమ్మంది. పెంచిన జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం అని చెప్పాను. "ఎవరు చూస్తారు?" అంది. పిల్లలకు సైన్స్ చెప్పే మనిషి! ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందని మరొకరు. ఆపరేషన్ చేయించాం, దాని ఆరోగ్యానికి మంచిదని. కానీ వేట బుద్ధికి దానితో సంబంధం లేదని డాక్టరమ్మ కత్తి పట్టకముందే చెప్పింది. ఒక చిన్న పిల్లిపిల్లను చేతిలో పట్టుకుని కుక్కకు వాసన చూపిస్తే అలవాటవుతుందని మా అబ్బాయి ఎక్కడో వీడియో చూశాడు. ఆ ఒక్కటి మాత్రం ఎవరూ చేయకండి. ఎవరి పిల్లిపిల్ల అది, ప్రయోగానికి?

మామ మాత్రం, "వేటకు పుట్టినదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటిమి. దానికేం తెలుసు? నాదే తప్పు, మళ్ళీ ఊరికే తోలుకపోతా" అన్నాడు. ఒక వారం అందరం అదే అనుకున్నాం. ఊళ్ళో తీసుకుంటామన్న బంధువూ ఉన్నాడు. కానీ ఆ ఊళ్ళో పిల్లులు లేవా? కోళ్ళు, గొర్రెపిల్లలు లేవా? మా కళ్ళ ముందు జరగదు, అంతే తేడా.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో నాకు బాగా పట్టుకున్న విషయం ఒకటుంది. ఇది కోపం కాదు. కోపమొచ్చిన కుక్క గుర్రుమంటుంది, పళ్ళు చూపిస్తుంది, ఎదుటిది వెళ్ళిపోతే చాలనుకుంటుంది. వేటాడే కుక్కకు ఎదుటిది వెళ్ళిపోకూడదు. అందుకే చప్పుడు చేయదు. చూడటం, బిగుసుకోవడం, పొంచడం, తరమడం, పట్టడం, విదిలించడం: ఇవి మెట్ల లాగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి మెట్టూ దానికి ఆనందమే. చివరి మెట్టు మీద కొడితే, కొట్టినవాళ్ళు వెర్రివాళ్ళలా కనిపిస్తారు తప్ప పిల్లి జోలికి పోకూడదని దానికి అర్థం కాదు. నేను ఫిజికల్ సైన్స్ టీచర్‌ని, నాకు ఇలా అర్థమైంది: కొండ అంచున ఉన్న బండను ఆపడానికి కింద ఒక చిన్న రాయి చాలు. దొర్లడం మొదలయ్యాక పది మంది అడ్డం పడినా నలిగిపోతారు. కాబట్టి చూడటానికీ బిగుసుకోవడానికీ మధ్య ఉన్న ఆ ఒక్క క్షణమే మన చేతిలో ఉంది. అంతకన్నా ముందు ఉన్నది గడియ.

గడియ అంటే నిజంగా గడియే. ముందు గేటు ఒకటే ఉండేది. ఇప్పుడు దానికి లోపల, వసారా అంచున, వెల్డింగ్ షాపులో చెప్పి చేయించిన నిలువెత్తు జాలీ తలుపు ఉంది. కింద సందు రెండు వేళ్ళకు మించదు. గేటు తెరిస్తే జాలీ మూసి ఉండాలి, జాలీ తెరిస్తే గేటు మూసి ఉండాలి. రెండూ ఒకేసారి తెరిచి ఉంటే ఆ రోజు టీవీ లేదు. శిక్ష మొదట పిల్లలకే అనుకున్నాం, కానీ ఎక్కువసార్లు అనుభవించింది మా ఆయన. డాక్టరమ్మ ఇంకో మాట అంది: "కుక్కకు నేర్పడానికి ఆరు నెలలు పడుతుంది. మీ ఇంట్లోవాళ్ళకు ఏడాది."

అసలు పిల్లులు మా పెరట్లోకి ఎందుకొస్తున్నాయన్నది మేం చాలా ఆలస్యంగా వేసుకున్న ప్రశ్న. జవాబు మా అత్త. రోజూ మధ్యాహ్నం మిగిలిన పాలన్నం తులసి కోట వెనక పెడుతోంది, పాతికేళ్ళ నుంచి. మొదటి పిల్లి చచ్చాక పాపభయంతో ఇంకొంచెం ఎక్కువ పెడుతోంది! ఆదివారం చేపలు కడిగిన నీళ్ళూ అక్కడే. ఒక చేత్తో పిలుస్తున్నాం, ఇంకో చేత్తో కుక్కను పెంచుతున్నాం. అత్తను మానెయ్యమంటే మానదు, నాకూ చెప్పడానికి మనసు రాలేదు. చివరికి పాలన్నం మిద్దె మీదికి మారింది. ఖాలా వాళ్ళ పిట్టగోడ మీంచి పిల్లులు నేరుగా మా మిద్దెకు రాగలవు, బొట్టుకు మిద్దె మెట్ల దగ్గర తలుపు. మోకాళ్ళ నొప్పులతో అత్త రోజూ పద్నాలుగు మెట్లు ఎక్కుతుంది. ఆ పాపం ఎవరికో తెలియదు.

మూతికి వేసేదాని గురించి. "ఎద్దుకు చిక్కం కట్టినట్టు కట్టండి" అని మొదట అన్నది అత్తే. మా ఆయన వెళ్ళి మూతిని గట్టిగా బిగించే గుడ్డది తెచ్చాడు. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండ. అయిదు నిమిషాల్లో బొట్టు తూలింది. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే వేడి బయటికి పోతుంది. నోరు మూసేస్తే కుక్కర్ విజిల్ మూసేసినట్టే. డాక్టరమ్మ దాన్ని తన చెత్తబుట్టలోనే పడేసింది. చివరికి మా అత్త చెప్పిన చిక్కం లాంటిదే దొరికింది, బుట్టలాగా, లోపల నోరు తెరవడానికి, నీళ్ళు తాగడానికి చోటుండేది. అదీ ఒక్కసారిగా కట్టలేదు. పదిహేను రోజులు ఆ బుట్ట అడుగున గడ్డపెరుగు రాసి పట్టుకుంటే అదే మూతి పెట్టేది. ఇప్పుడు బుట్ట చూపిస్తే పెరుగు వచ్చిందని తోక ఊపుతుంది. బయటికి తీసుకెళ్ళినప్పుడు జనం పిల్లల్ని పక్కకు లాక్కుంటారు, "కరుస్తుందేమో" అని. మొదట్లో తల కొట్టేసినట్టు ఉండేది. ఇప్పుడు దారి ఖాళీ అవుతుందని సంతోషమే.

నేర్పడం అనేది మొదలుపెట్టింది 2023 జూన్‌లో. నా దగ్గర మిగిలిపోయిన పాత హాజరు పట్టీ ఒకటి తీసుకున్నాను. మా పెరటి నాపరాళ్ళు ఒక్కోటి రెండడుగులు. కాబట్టి దూరం కొలవడానికి టేపు అక్కర్లేదు, బండలు లెక్కపెడితే చాలు. గోడ మీద పిల్లి కూర్చుని ఉంటే, బొట్టును తాడుతో ఎన్ని బండల దూరంలో ఆపితే అది పిల్లిని చూసి కూడా నా చేతిలో ముక్క తినగలదు? అదీ ప్రశ్న. తినలేకపోతే దగ్గరికి వచ్చేశామని అర్థం, వెనక్కి పోవాలి. మొదటి రోజు ఇరవై బండలు. అంటే పెరడు అయిపోయింది, వసారాలోకి వచ్చేశాం. చికెన్ కందనకాయలు ఉడకబెట్టి గోరంత ముక్కలు చేసి సంచిలో పెట్టుకునేదాన్ని. అది పిల్లిని చూడగానే, బిగుసుకోకముందే, "ఇటు" అని ముక్క. చూసింది, ఇటు, ముక్క. చూసింది, ఇటు, ముక్క. మూడు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. అంతకంటే ఎక్కువ చేస్తే దానికీ నాకూ ఓపిక ఉండదు.

పట్టీలో తేదీ, బండలు, పిల్లి ఏం చేస్తోంది, బొట్టు తిన్నదా లేదా రాశాను. జూలైలో పద్దెనిమిది. ఆగస్టులో పన్నెండు. వినాయక చవితి నాటికి తొమ్మిది. అప్పుడు ఒక పిల్లి గోడ మీంచి దూకి పరిగెత్తింది, మర్నాడు మళ్ళీ పదహారు. కూర్చున్న పిల్లి వేరు, పరిగెత్తే పిల్లి వేరు అని పట్టీ చెప్పింది, రెంటికీ వేరే గడులు గీశాను. సాయంత్రం కంటే పొద్దున మేలు. గాలి గోడ వైపు నుంచి వీస్తే రెండు బండలు ఎక్కువ కావాలి. మా హెడ్మాస్టర్ ఆ పట్టీ చూసి బడి పిల్లల గురించి అనుకుని, "బొట్టు ఎవరమ్మా, ఏ సెక్షన్?" అని అడిగాడు.

తొమ్మిది కంటే తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. ఎనిమిదో బండ మీద అడుగు పెడితే నా మాట దానికి వినబడదు, ముక్క నోట్లో పెట్టినా కింద పడిపోతుంది. పద్దెనిమిది అడుగులు: మా బొట్టు మంచితనం పొడవు అంత. కొన్ని కుక్కలు పిల్లి పక్కన పడుకునేదాకా వస్తాయట, సంతోషం. మాది రాదు.

పొద్దున అయిదున్నరకు తుంగభద్ర ఒడ్డుకు తీసుకెళ్తాం. నీళ్ళు తగ్గిన నెలల్లో ఇసుకలో పొడవాటి తాడు మీద వదిలితే అరగంట వాసనలు చూసుకుంటూ తిరుగుతుంది. ఇంటికొచ్చాక వెదురు కర్రకు పాత చీర ముక్క కట్టి తిప్పితే తరుముతుంది, పడుతుంది, విదిలిస్తుంది. అన్ని మెట్లూ ఎక్కుతుంది, చీర మీద. ఆ పని జరిగిన రోజు గోడ వైపు చూడటం తగ్గుతుంది. వానొచ్చి రెండు రోజులు కుదరకపోతే పట్టీలో అంకె పెరుగుతుంది.

ఇక మూడో పిల్లి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. 2023 కార్తీకంలో ఒక బూడిద రంగు పిల్లికి మా ఇల్లు ఎన్నో ఇల్లో తెలియదు, వెనక కొట్టంలో పాత బీరువా కింద నాలుగు పిల్లల్ని తెచ్చి పెట్టింది. అత్త పసిగట్టి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు! తెలిసేసరికి కళ్ళు కూడా తెరవని పిల్లలు. కదిపితే తల్లి వదిలేస్తుందేమోనని భయం. సరే, నెల రోజులు కొట్టానికి గడియ, బొట్టు ముందు గదిలో, పెరట్లోకి వచ్చినప్పుడల్లా తాడు, బుట్ట. మా అబ్బాయి కొట్టం తలుపు మీద సుద్దతో పెద్దగా "గడియ" అని రాశాడు.

పదహారో రోజు సాయంత్రం కరెంటు పోయింది. ఇంట్లోవాళ్ళందరికీ గడియ గురించి ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని, చంకలో పరీక్ష పేపర్ల కట్ట, చేతిలో కొవ్వొత్తి, కొట్టంలోంచి చాప తీసుకుని కాలితో తలుపు నెట్టి వచ్చేశాను. గడియ పడలేదు. గదిలోంచి బొట్టు ఎలా బయటికొచ్చిందో అడగకండి, ఆ గడియ కూడా నాదే. చీకట్లో తల్లిపిల్లి అరుపు వినబడింది, ఆ తర్వాత మొదటిసారి బొట్టు అరుపు కూడా. మా అమ్మాయి "ఇటు! ఇటు!" అని గొంతు చించుకుంది, లాభం లేదు. తర్వాత బకెట్ ఎత్తి మొత్తం గుమ్మరించింది. పన్నెండేళ్ళ పిల్ల, నిండు బకెట్. బొట్టు ఉక్కిరిబిక్కిరై వదిలింది. బొంత కప్పి మా ఆయన ఈడ్చుకొచ్చాడు.

తల్లిపిల్లికి వెనక కాలు విరిగింది. పిల్లలకు ఏమీ కాలేదు, వాటి ముందు ఆ తల్లి నిలబడింది కాబట్టి. బొట్టు ఎడమ కన్ను మీద గోరు గీత. డాక్టరమ్మ కంట్లో రంగు చుక్క వేసి నీలం లైటు పెడితే ఆ గీత పచ్చగా మెరిసింది. పది రోజులు చుక్కల మందు, మెడకు ప్లాస్టిక్ గరాటు. ఆ రాత్రి పిల్లి నొప్పికి మూలుగుతుంటే వీధిలో ఒకరు పారాసిటమాల్ సగం ముక్క నీళ్ళలో కలిపి పోయమన్నారు. నేను గ్లాసు కూడా తీశాను. ఎందుకో డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు చావడానికి. ఆ గ్లాసు కడిగి బోర్లించేటప్పుడు చేతులు వణికాయి.

పిల్లిని, పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో కుదరదు. ఆసుపత్రి నుంచి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. తొమ్మిది నెలలుగా ఆ గోడ మీంచి మాట లేదు. "ఖాలా" అని పిలిచాను. ఆమె వచ్చింది. చెప్పాను, గడియ నేనే వేయలేదని కూడా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గంపలో పెట్టి ఇయ్యి. పిల్లల కింద పాత చీర వెయ్యి, చలిగా ఉంది" అంది.

నాలుగు పిల్లల్లో రెండింటిని ఆమె మనవడి స్నేహితులు తీసుకెళ్ళారు, ఒకటి పోయింది. ఒకటి, నారింజ చారలది, ఖాలా దగ్గరే ఉండిపోయింది. తల్లి కుంటుకుంటూ మిద్దె మీద అత్త పాలన్నానికి ఇప్పటికీ వస్తుంది. ఆ మరుసటి రంజాన్‌కు షీర్ ఖుర్మా వచ్చింది, కానీ గిన్నె ఖాలా తేలేదు, మనవడితో పంపింది. ఆమె ఇంతవరకు మా గేటు దాటి లోపలికి రాలేదు. రమ్మని నేను అడగలేదు.

పొద్దున ఏడింటికి తన పిల్లిని మిద్దె మీదికి వదిలేముందు గోడ అవతల నుంచి పిలుస్తుంది.

"గడియ పడిందా బేటీ?"

నేను వంటింట్లోంచి జవాబు చెప్పను. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, మెట్ల తలుపు దాకా వెళ్ళి, గడియ పట్టుకుని ఒకసారి లాగి చూసి, అప్పుడు చెప్తాను.